పసుపు వదలని ద్రావణం

మా తమ్ముడి కూతురు తన సిద్ధాంత గ్రంథాన్ని ఒకసారి చూసిపెట్టమని ఇచ్చింది. సమర్పణకు రెండు రోజులే గడువు. పుదీనా కషాయంలో వెండి లవణం కలిపితే కంటికానని వెండి రేణువులు ఏర్పడతాయనీ, అవి ఉత్ప్రేరకంగా పనిచేసి ఒక పసుపు ద్రావణాన్ని ఏడు నిమిషాల్లో వర్ణరహితం చేస్తాయనీ అందులోని ప్రతిపాదన.

"వెండి వెయ్యకుండా చేసి చూశావా?"

"వెయ్యకపోతే రంగెలా పోతుంది పెదనాన్నా? అందరికీ తెలిసిందేగా."

"అందరికీ తెలిసిందాన్ని ఒక్కరైనా చూడాలి కదమ్మా."

మర్నాడు ఉదయం ప్రయోగశాలకు వెళ్లాం. ఆమె పసుపు ద్రావణం సిద్ధం చేసి, దాన్ని కలియదిప్పే తెల్లని అయస్కాంతపు కడ్డీని అందులో వేసింది. వెండి వెయ్యలేదు. ఏడు నిమిషాల్లో పసుపు పోయింది.

కడ్డీని బయటికి తీశాను. తెల్లని పూత మీద బూడిదరంగు మరక. మునుపెవరో వాడిన లోహం అంటుకుపోయి ఉండాలి, రంగు పోగొట్టింది అదే కావచ్చు. ఈసారి కొత్త ద్రావణం, కొత్త కడ్డీ. పసుపు అలాగే ఉంది. మరోసారి ఇంకో కొత్త కడ్డీతో కొత్తగా కలిపి, తన వెండి రేణువులు కూడా వేసింది. అరగంట చూశాం. పసుపు తగ్గలేదు.

"అయితే నాలుగేళ్లు పుదీనా ఉడకబెట్టింది గదికి వాసన కోసమన్నమాట," అంది. నవ్వలేదు.

ఆమె ఆచార్యుడు వచ్చి నిలబడే అంతా విన్నాడు.

"రేపు ఇచ్చెయ్యమ్మా. ఈ ఒక్క సీసా సంగతి ఎవరడుగుతారు?"

"ఎవరైనా చదివి మళ్లీ చేస్తే సార్?"

"ఫలితం రాకపోతే తమ చెయ్యి బాలేదనుకుంటారు."

ఆయన వెళ్లిపోయాడు. ఆమె తన ప్రయోగాల పుస్తకం తెరిచి మూడు సీసాల ఫలితాలూ వేళలతో సహా రాసింది. అక్షరం వంకర పోలేదు.

తర్వాత విశ్వవిద్యాలయ కార్యాలయానికి ఫోన్ చేసింది.

"గడువు పెంచమని దరఖాస్తు పెట్టుకోవాలండీ... కారణమా? ఫలితాలు తప్పండీ... కాదండీ, టైపింగులో కాదు. ఫలితాలే."

అవతలివాళ్లు ఎంత గడువు కావాలని అడిగినట్టున్నారు. ఆమె పసుపు సీసా వైపు చూసింది.

"తెలీదండీ," అంది.