మూడు వేళ్ల ఎత్తు

ఆ ఆదివారం నా కారు వెనక సీట్లో రెండు వస్తువులున్నాయి. ఒకటి ఆపిల్ కేకు. మా మోడల్ విమానాల క్లబ్బులో కొత్త విమానం తెచ్చినవాడు కేకు కూడా తేవాలి. విమానం దిగాకే దాన్ని కోయాలి. రెండోది, పాత దుప్పటిలో చుట్టిన ఒక జత రెక్కలు.

అవి నా భార్య ఇంగెర్ చేసినవి. తను పోయే ముందు చలికాలంలో, తేలికపాటి చెక్క పట్టీలు కోసి, అతికించి, పైన పసుపు పట్టుగుడ్డ బిగించింది. వాటి కొసల్ని నక్షాలో ఉన్నదానికన్నా మూడు వేళ్ల ఎత్తు పైకి లేపింది.

"చూడ్డానికి బాగాలేదు" అన్నాను.

"మన చేతులు ముసలివైపోయాయి ప్రేబెన్. మనం వదిలేసినా అది తనంతట తను సర్దుకోవాలి" అంది. రెండు రోజులు భోజనం దగ్గర అదే వాదన.

మిగతా విమానం ఈ ఏడాది వంటింటి బల్ల మీద నేనొక్కడినే పూర్తి చేశాను. ఇంగెర్ చేతిపని ఇంట్లో ఇంకా చాలానే ఉంది గాని, చివరిది ఇదే. విరిగితే మళ్లీ చేసేవాళ్లు లేరు.

మా మైదానం నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఫ్యోర్డ్ ఒడ్డున ఉంటుంది. పడమటి గాలి గడ్డిని నేలకు వంచేస్తోంది. ఎగోన్ అప్పటికే వచ్చేసి, ఫ్లాస్కులో కాఫీ సగం తాగేశాడు. బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. ఏ కొత్త విమానమైనా అతను పరీక్షించాకే పైకి లేవాలన్నది క్లబ్బు నియమం.

"ఏంటి మాస్టారూ, సముద్రపు కొంగని పట్టుకొచ్చావా?" నేను రెక్కలు బిగిస్తుంటే అడిగాడు.

"ఇంగెర్ చేసిందయ్యా."

అతను టోపీ సర్దుకున్నాడు. "తెలుసులే. మొదటిసారికి వేరే రెక్కలు పెట్టుకోరాదూ? నా దగ్గరో జత ఉంది."

"అప్పుడిది తన విమానం ఎలా అవుతుంది?"

"సరే నీ ఇష్టం. కేకు మాత్రం నువ్వే చేసినట్టున్నావ్. అడుగు మాడింది."

మామూలుగా విమానాన్ని గడ్డి మీద పెట్టి, తోక వెనక నిలబడి పరీక్షిస్తాం. ఆ రోజు గాలికి అది నేల మీద నిలవలేదు. అందుకని షెడ్డులో బల్ల మీద పెట్టాం. తోక గోడకు ఆనింది. ముందు పంకా ఇంకా తగిలించలేదు కాబట్టి ఇద్దరం ముక్కుకు ఎదురుగా నిలబడ్డాం.

"కుడికి తిప్పు."

రిమోట్‌లో కుడిపక్క పుల్లను కుడికి తోశాను. రెక్క అంచున పలక లేచింది. ఏ పక్క పలక లేస్తే విమానం ఆ పక్కకే ఒరుగుతుంది.

"కుడిది లేచింది. ఎడమకి తిప్పు... ఎడమది లేచింది. భేష్."

ఇంట్లో కూడా నేనలాగే చూసుకున్నాను. వంటింటి బల్ల మీద విమానం ముక్కు నా వైపు, తోక పొయ్యి వైపు ఉండేవి.

పంకా బిగించాం. గాలి ఒక నిమిషం తెరిపి ఇచ్చింది. ఎండ కళ్లల్లో పడకుండా ఒక మబ్బు అడ్డం వచ్చింది. ఇంతకన్నా ఏం కావాలనిపించింది.

విమానం పది గజాలు పరిగెత్తి లేచింది. లేస్తూనే గాలి తోపుకు ఎడమకు ఒరిగింది. పుల్లను కుడికి తోశాను. అది ఇంకా ఎడమకు ఒరిగింది. గట్టిగా తోశాను. రెక్క నిట్టనిలువయింది. పసుపు పట్టు మొత్తం ఒక్కసారిగా కనబడింది, దాని వెనకే ఫ్యోర్డ్ నీళ్లు.

"ఏం చేస్తున్నావయ్యా!" ఎగోన్ అరిచాడు.

వంటింటి బల్ల గుర్తొచ్చింది. నాకెదురుగా ఉన్న ముక్కు గుర్తొచ్చింది. ఎదురుగా నిలబడిన మనిషికి కుడి ఎడమవుతుంది.

"తారుమారు! రెక్కల పలకలు తారుమారు చేశాను!"

తెలిసినా వేళ్లు వినలేదు. పాతికేళ్ల అలవాటు, కుడి అంటే కుడికే పోతున్నాయి. విమానం నీళ్ల వైపు జారుతోంది.

"కుడి పుల్ల వదిలెయ్! చెయ్యి తియ్!"

వదిలేయడం అంత కష్టమని నాకు అంతవరకూ తెలియదు. తీశాను. ఒకటి. రెండు. అది ఇంకా కిందికే దిగుతోంది. మూడు. కిందికి వంగిన రెక్క మెల్లగా, పక్కకు ఒత్తిగిలిన మనిషి వెల్లకిలా తిరిగినట్టు, పైకి రావడం మొదలెట్టింది. నీటికి ఇంటి కప్పంత ఎత్తున విమానం సమంగా నిలిచింది.

"ఇక తోక చుక్కానితో తిప్పు. నెమ్మదిగా. నీకు తొందరేం లేదు" అన్నాడు ఎగోన్. అంత మెత్తగా మాట్లాడటం అతనికి అలవాటు లేదు.

ఎడమ పుల్లతో కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ వచ్చాను. గాలి విసిరినప్పుడల్లా ఒరిగింది, ఒరిగినప్పుడల్లా తనే సర్దుకుంది. మైదానం మీదికి రాగానే మోటారు ఆపేశాను. చివరి గజంలో ముక్కు కాస్త లేచేలా కుడి పుల్లను, పక్కలకు పోనివ్వకుండా, ఒక్క వేలితో వెనక్కి లాగాను. విమానం గడ్డిలో రెండుసార్లు గెంతి, ముక్కు నేలకు పొడుచుకుని ఆగింది.

పంకా విరిగింది. రెక్కల మీద గీత కూడా పడలేదు.

ఎగోన్ దాని తోక వెనక మోకాళ్ల మీద కూర్చున్నాడు. "కుడికి తొయ్." తోశాను. ఎడమ పలక లేచింది.

"వచ్చిన ప్రతివాడికీ నేను చెప్పే మొదటి మాట ఇదే. తోక వెనక నిలబడి చూడమని."

"నేను ముప్పై ఏళ్లు ఫిజిక్సు చెప్పాను."

"ఇద్దరికిద్దరం సరిపోయాం" అన్నాడు. తర్వాత రెక్క కొస దగ్గర చెయ్యి పెట్టి, "నక్షా కన్నా ఎంత లేపింది?" అనడిగాడు.

"మూడు వేళ్లు."

తన లావుపాటి వేళ్లు చూసుకున్నాడు. "నావైతే రెండు చాలు."

షెడ్డులో కేకు కోశాను. కాఫీ అతనే పోశాడు. మాడిన అడుగుతో సహా తన ముక్కంతా తినేశాడు.