చివరి పొలం ముందు తడవాలి

మెర్లిన్ అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఒక్కదానికే: ఏదో ఒక రోజు మోటారు దగ్గర కృష్ణయ్య బాబాయి ఉండడు. పిల్లకు జ్వరం, గట్టు మీద పాము, మిరపకు తెగులు, ఇవన్నీ ఆ తరవాతే.

ఆ పొద్దున ఏడాదిన్నర పిల్లను చంకనేసుకుని కృష్ణా నది ఒడ్డున ఉన్న పంపుహౌసుకు ఆమె వచ్చేసరికి ఆయన ఉన్నాడు. గొంతుక్కూర్చుని, మోటారు కాళ్ళ దగ్గర బోల్టులు బిగిస్తున్నాడు. పార మోసీ మోసీ ఒక భుజం కిందికి జారిన సన్నటి మనిషి. పాదాల పగుళ్ళలో ఒండ్రు ఇంకిపోయి తెల్లటి గీతలు పడ్డాయి. కడిగినా పోవవి.

"అంత పొద్దున్నే పిల్లనేసుకుని వచ్చావేంది అమ్మాయ్? నేను పారిపోతాననుకున్నావా?"

"నువ్వు కాదు బాబాయ్, మోటారు పారిపోద్దేమోనని."

"దానికి కాళ్ళుంటే నన్నెప్పుడో వదిలేసేది."

మోటారు కాలిపోయి, నందిగామలో వైండింగు షాపులో పడి ఉండి, నిన్న సాయంత్రమే ట్రాక్టరు మీద తిరిగొచ్చింది. ఈలోగా చినుకు పడలేదు. మెర్లిన్, ఆమె భర్త వెస్లీ కౌలుకు చేస్తున్న ఎకరంన్నర మిరప కాలవకు చిట్టచివర ఉంది. కొత్తగా నాటిన మొక్కలు తలలు వాల్చేశాయి. ఇవాళ పొద్దుగూకేలోపు తడి అందకపోతే ఇక లేవవు. లేవకపోతే కౌలు వదిలేసి హైదరాబాదు బిల్డింగు పనులకు పోదామని వెస్లీ తేల్చేశాడు.

కృష్ణయ్య స్టార్టరు పిడిని కళ్ళకద్దుకుని నొక్కాడు. మోటారు మూలిగి, దగ్గి, కాసేపటికి ఒకటే శ్రుతి పట్టింది. పైన సిమెంటు తొట్టిలో ముందు ఎర్రటి బురద, దాని వెనక నీళ్ళు దూకాయి. పిల్ల చప్పట్లు కొట్టింది.

అప్పుడే సతీష్‌బాబు బండి దిగాడు. ఎత్తిపోతల సంఘానికి ఆయనే అధ్యక్షుడు. తొట్టి కిందనే ఆయన పత్తి.

"కృష్ణయ్యా, నా చేను కూడా వాడిపోతోంది. పక్కనే కదా, తూము కాస్త ఎత్తితే ఏం పోతుంది?"

"పొయ్యేదేం లేదండీ. నీళ్ళే పోతాయి."

"సంఘానికి అధ్యక్షుణ్ణి నేనా, నువ్వా?"

"మీరేనండీ. అందుకే మీరు ఎత్తగూడదు."

సతీష్‌బాబు మెర్లిన్ వంక చూసి, బండి వైపు తిరిగిపోయాడు. కృష్ణయ్య పార భుజాన వేసుకుని నీళ్ళ పక్కన నడక మొదలుపెట్టాడు. మెర్లిన్ వెనకే నడిచింది.

ఆ కాలవ మీద ఒక కట్టుబాటు ఉంది. మోటారు ఆగి మళ్ళీ మొదలైన రోజున మధ్యలో ఏ తూమూ ఎత్తరు. నీళ్ళు తిన్నగా చివరి పొలానికి పోతాయి. అది తడిశాక దాని పైది, ఆ తరవాత దాని పైది. అలా వెనక్కి వచ్చీ వచ్చీ ఆఖరున తొట్టి పక్క చేను తడుస్తుంది. ఎక్కడైనా ముందున్నవాడు ముందు తడుపుకుంటాడు. ఇక్కడ తిరగబడింది.

మొదట్లో ఇక్కడా అలాగే ఉండేది. పైవాళ్ళు కడుపునిండా తడుపుకుంటే చివరివాళ్ళు కాలవలో నెర్రెలు చూసుకునేవాళ్ళు. రిపేరుకు చందా ఎత్తబోతే, "కంటితో చూడని నీళ్ళకు మేమెందుకు ఇయ్యాలయ్యా?" అన్నారు. అదీ న్యాయమే. సగం మంది ఇవ్వనప్పుడు మిగతా సగం మంది మాత్రం ఎందుకిస్తారు? పంపు బేరింగులు పోయి మోటారు మూలపడింది. ఏటి వెంబడి అలా పడిపోయిన పథకాలు ఇంకా ఉన్నాయి. కప్పుల్లేని గదులు, దొంగలు రాగితీగ పీక్కుపోయిన మోటార్లు. కృష్ణయ్యకు జీతం లేదు. మిరపకాయలు కోసి, పత్తి తీసి ఇల్లు గడుపుకుంటూ కూడా పొద్దున్నే వచ్చి పంపుహౌసు తాళం తీసి, ఊడ్చి, పిచ్చుక గూళ్ళు ఒంటిచేత్తో జాగ్రత్తగా దించి బయట చూరుకు పెట్టిపోయేవాడు.

సంఘం మీటింగులో ఆయన మాట్లాడింది ఆ ఒక్కసారే. "ముందు చివరోళ్ళకి పెట్టి చూద్దామండీ." అందరూ నవ్వారు. కానీ ఇంకో దారి ఎవరికీ తోచలేదు. ఆ ఏడు చందా ముందుగా తెచ్చి పెట్టింది చివరివాళ్ళే. అప్పట్నుంచి మోటారు ఎన్నిసార్లు కాలినా కాలవ మీది వాళ్ళందరూ కలిసి లేపి నిలబెట్టుకుంటున్నారు.

ఆ కాలవ కింద కృష్ణయ్యకు సెంటు భూమి లేదు.

"పిన్ని ఏమంటుంది బాబాయ్?"

"ఏమంటది? మోటారు దానికి సవతంట. నిన్న ట్రాక్టరు మీద తెస్తుంటే గుమ్మంలో నిలబడి, పుట్టింటి నుంచి వచ్చిందా మహాతల్లి అంటది." నవ్వబోయి ఆగి, రొమ్ము మధ్య అరచేత్తో రాసుకున్నాడు.

"ఏంది బాబాయ్?"

"గ్యాసు. సోడా తాగితే పోద్ది."

నీటి నాలుక ముందుకు పాకుతుంటే ఆయన పక్కనే నడుస్తూ చెత్త లాగి గట్టు మీద వేస్తున్నాడు. ఎండ్రకాయ బొరియ కనిపిస్తే మట్టిపెళ్ళ వేసి మడమతో తొక్కుతున్నాడు. తొందరలేదు, ఆలస్యమూ లేదు. నీళ్ళూ ఆయనా ఒకే నడక.

సగం దూరం వచ్చాక ఆ నాలుక సన్నబడింది. కాసేపు చూస్తుండగానే ఆగిపోయింది.

కృష్ణయ్య వెనక్కి చూశాడు. మోటారు శబ్దం వినిపిస్తూనే ఉంది. "పైన ఎవరో ఎత్తారు," అన్నాడు. ఇద్దరి చూపూ తొట్టి వైపే పోయింది.

"అంత దూరం మళ్ళీ ఏం పోతావు బాబాయ్, ఫోను చెయ్యి."

"ఫోనులో చెప్తే దించి, రేపు మళ్ళీ ఎత్తుతాడు. మనిషి పోయి ఎదురుగా నిలబడితే ఇంకోసారి ఎత్తడు. నువ్వు పద అమ్మాయ్, పిల్లకి ఎండ తగుల్తది. నీళ్ళు నీ దగ్గరకొచ్చినాక నేనూ వస్తా."

ఎండలో వెనక్కి నడిచి వెళుతున్న ఆ వంగిన భుజాన్ని చూస్తూ ఆమె కాసేపు నిలబడింది.

పొలంలో తుమ్మచెట్టుకు చీరతో ఉయ్యాల కట్టి పిల్లను పడుకోబెట్టింది. మొక్కల దగ్గర కూర్చుంది, లేచింది, కాలవలోకి తొంగి చూసింది. మధ్యాహ్నం తిరిగింది. వెస్లీ మాటలు తలలో తిరుగుతున్నాయి. ఇంకాసేపటికి ఆ మాటలే నిజమని ఒప్పేసుకుంది కూడా.

పొద్దు వాలుతుండగా నెర్రెల్లో బుడబుడ వినిపించింది. ఎండుటాకులను ముందు తోసుకుంటూ నీళ్ళొచ్చాయి. ఆమె పరుగెత్తి సాళ్ళకు దారి చేసింది. మట్టి చుయ్‌మంటూ తాగింది. మొదటి సాలు, రెండో సాలు. ఆమె చేతులు మోచేతుల దాకా బురద, మొహం మీద ఏది చెమటో ఏది కన్నీళ్ళో తెలియలేదు.

కృష్ణయ్య రాలేదు.

ఎప్పుడూ వచ్చేవాడు. ఆఖరి సాల్లో కాలి వేళ్ళు ముంచి చూసుకుని, పైవాళ్ళకు తనే ఫోను చేసి, "చివర తడిసింది, ఇంక ఎత్తుకోండి," అనేవాడు. మెర్లిన్ ఫోను చేసింది. మోగి మోగి ఆగింది. పిల్లను భుజాన వేసుకుని గట్టు పట్టింది.

పొద్దున ఇద్దరూ విడిపోయిన చోటే, తూము గోడకు ఆనుకుని ఆయన కూర్చుని ఉన్నాడు. వెళ్ళి తూము దింపించి, అంత దూరమూ తిరిగొచ్చాడన్నమాట. కాళ్ళు కాలవలో ఉన్నాయి.

"బాబాయ్, చివర తడిసింది," అని చెప్పేసింది.

ఆయన పలకలేదు. నీళ్ళు ఆయన కాళ్ళ దగ్గర చీలి, మళ్ళీ కలిసి, చివరి పొలం వైపు పోతున్నాయి.

పొలాల్లో వాళ్ళు వచ్చారు. సతీష్‌బాబు వచ్చాడు. చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డాడు. తూము ఎవరెత్తారన్న మాట ఎవరూ ఎత్తలేదు. సతీష్‌బాబు పాలేరు దేవరాజ్ మెల్లగా, "నీళ్ళు దండిగా ఉన్నాయండీ, మన తూము తియ్యనా?" అని అడిగాడు.

సతీష్‌బాబు మెర్లిన్ వైపు తిరిగాడు. "చివర తడిసిందామ్మా?"

"తడిసిందండీ."

"మొత్తమా?"

"ఇంకా నాలుగు సాళ్ళున్నాయండీ."

ఆయన దేవరాజ్‌తో అన్నాడు: "అవి కానీ. ఆగు."

మిరప నిలబడింది. వెస్లీ కౌలు వదిలేసే మాట మళ్ళీ ఎత్తలేదు. మోటారు ఇప్పుడు దేవరాజ్ చూస్తున్నాడు. మొదటి నీళ్ళ రోజున చివరిదాకా నడిచే పోతున్నాడు.

దుర్గాంబ పిన్ని మాత్రం ఒక్కతే ఉంటోంది. మెర్లిన్ వెళ్ళినప్పుడల్లా తిన్నానే అంటుంది, పొయ్యి చూస్తే చల్లగా ఉంటుంది. చంటిదానితో మెర్లిన్‌కు రోజూ కుదరదు. మీరెవరైనా చందర్లపాడు దాటి ఏటి వైపు వస్తే, ఆమె అన్నం తిన్నదో లేదో ఒకసారి చూసి వెళ్ళండి. ఇల్లు కనుక్కోవడం కష్టం కాదు. ముందు తీగ మీద కృష్ణయ్య నీలి గళ్ళ తువ్వాలు ఒక్కటే ఆరేసి ఉంటుంది. ఎండిపోయి ఎన్నాళ్ళయినా ఆమె దాన్ని తియ్యలేదు.