జేసీబీకి హారతి

"హారతి పళ్ళెం తోమిపెట్టుకో మే. పొద్దన్నే జేసీబీ వస్తాది, దానికి నువ్వే హారతి ఇయ్యల్ల," అన్నాడు మా ఆయన ధనశేఖర్, అన్నం తిని చెయ్యి కడుక్కుంటూ. తువ్వాలు కోసం చెయ్యి చాపాడు. అలవాటుగా అందించాను.

రేపు పడగొట్టేది మా తోటలోని రాతి ఇంటిని. మా చుట్టుపక్కల ఊళ్ళలో మొట్టమొదటి మామిడి తోట ఇదే. మా ఆయన ముత్తవ్వ తాయమ్మ ముళ్ళకంప నరికి, ఏరిన రాళ్ళతోనే ఆ ఇల్లు కట్టించి, కడవలతో నీళ్ళు మోసి మొక్కల్ని బతికించిందట. పేరు మాత్రం మునెయ్య తోట. ఆయన ఆమె మొగుడు. చిత్తూరు కోర్టు చుట్టూ తిరగడం తప్ప ఆయన ఏ పనీ ఎరగడని మా అత్త శకుంతలమ్మే చెప్పింది.

తిరుపతి రోడ్డు వెడల్పయ్యాక ప్లాట్లు వేసే వెంచర్ వాళ్ళ కన్ను తోట మీద పడింది, మా ఆయన ఒప్పేసుకున్నాడు. నేను ఊరుకోలేక పాత కట్టడాలు కాపాడే వాళ్ళకు ఫోన్ చేశాను. ఒకాయన వచ్చి, సున్నపు గోడ నిమిరి చూసి, "ఇంటివాళ్ళు రాసిస్తే నిలబెట్టే దారి చూడొచ్చమ్మా," అన్నాడు. రాసిస్తానన్నాను. "భూమి మీ పేరు మీదుందా?" అని అడిగాడు. కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వచ్చేశాను.

ఇరవై ఏళ్ళు ఈ చెట్లకు నీళ్ళు కట్టింది నేను. పూత మాడితే అన్నం సయించనిది నాకు. కాపు బాగుంటే మాత్రం, "నా కొడుకు చెయ్యి మంచిది," అనేది అత్త. నేను నోరు తెరిస్తే, "మా తోట సంగతి మాకు తెల్దా? మీ నాయనేమన్నా ఇచ్చినాడా?" అనేది. ఒళ్ళు మండేది. మండి ఏం చేశాను? వెళ్ళి సంగటి కెలికాను.

పొద్దున జేసీబీ మెడలో బంతిపూల దండతో వచ్చి నిలబడింది. వెంచర్ వాళ్ళు వాచీలు చూసుకుంటున్నారు.

"కానీ మే, రాహుకాలం వస్తాది," అన్నాడు మా ఆయన.

పళ్ళెం అరుగు మీద పెట్టేశాను. "మీ తోటేనని ఇన్నేండ్లూ చెప్తాండారు గదా. మీరే ఇచ్చుకోండి."

"నలుగుర్లో పరువు తీయొద్దు," అని పళ్ళు నూరాడు. చుట్టూ చూశాడు. అక్కడున్న ఇంకో ఆడమనిషి అత్త ఒక్కతే. మామ పోయినప్పటి నుంచీ ఆమెను హారతి పళ్ళెం ముట్టనివ్వరు.

"నేనే ఇచ్చుకుంటా లేన్నా, టైమయితాంది," అంటూ డ్రైవర్ దిగి, కర్పూరం వెలిగించి, మూడు చుట్లు తిప్పి, మళ్ళీ ఎక్కి కూర్చున్నాడు. అంతే. పెళ్ళయ్యాక నేను మొదటిసారి కాదన్న మాట వాళ్ళకు ఒక అగ్గిపుల్ల ఖర్చు. ఏడుపొచ్చింది.

మొదటి దెబ్బకే వంటింటి గోడ కూలింది. దుమ్ములో అత్త వచ్చి నా పక్కన నిలబడింది.

"నువ్వన్నా ఒద్దని ఒక మాట అనింటే బాగుండు గదత్తా," అన్నాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"నన్నెవురు అడిగినారు మే?" అంది.