పెడనలో పుట్టిల్లు

వీధివైపు వాటా జపాను దంపతులకి అద్దెకిచ్చానని పున్నయ్య వచ్చి చెప్పేసరికి, బియ్యం చెరుగుతున్న శేషమ్మ చేట కింద పెట్టేసింది.

"జపానువాళ్ళా? విశాఖపట్నం మీద బాంబులేసింది వాళ్ళే కదుటండీ!"

"అది యుద్ధంనాటి మాటే. ఇరవై ఏళ్ళయింది. ఈయన వరి నాటించడానికొచ్చాడు."

"మనకి వరి నాటడం రాదనా?"

"ఆ సంగతి గవర్నమెంటునడుగు."

"కప్పలు తింటారేమోనండీ. రేపేదన్నా అయితే పోలీసులొచ్చి మనల్ని సాక్ష్యం చెప్పమంటేనో?"

పున్నయ్య అద్దకం బల్ల దగ్గరికి వెళ్ళి అచ్చు చేతిలోకి తీసుకున్నాడు. భార్య భయానికి జవాబు చెబితే ఒకటి పోయి రెండొస్తాయని ఆయనకి పాతికేళ్ళ అనుభవం. కూతురు కనకదుర్గని గుడివాడ ఇచ్చారు. అక్కణ్ణుంచి ఉత్తరం రెండు రోజులు ఆలస్యమైతే చాలు, ఆయన పని కట్టిపెట్టి గుడివాడ రైలెక్కవలసిందే. వెళ్ళేసరికి కూతురు గుమ్మంలో నవ్వుతూ, "ఏం నాన్నా, ఈసారి నేను బావిలో పడ్డానందా, కలరా వచ్చిందందా?" అనేది.

వచ్చినాయన పేరు హరదా. గూడూరు దగ్గర సర్కారు వ్యవసాయ క్షేత్రంలో తాడు కట్టి వరసల్లో నాట్లు వెయ్యడం నేర్పుతాడు. అప్పటికే ఏడాదిన్నరగా ఈ దేశంలో ఉండి, తెలుగు తడుముకుంటూ మాట్లాడేవాడు. వీధి వీధంతా ఆయన్ని వారం తిరక్కుండా హరిదాసుగారిని చేసేసింది. ఇల్లు దొరికాక కార్తీకమాసంలో భార్య కియోకోని రప్పించుకున్నాడు. ఆవిడ కోకమ్మ అయింది. నేసేవాళ్ళూ అద్దేవాళ్ళూ ఉన్న ఊళ్ళో ఆ పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరక్కపోవడమన్నది లేదు.

మొదటి రోజు కోకమ్మ నడుం దాకా వంగి దణ్ణం పెడితే, శేషమ్మ తనూ వంగి నేలంతా వెతికి, "ఏం పడిపోయిందమ్మా?" అంది. రెండో రోజు వాళ్ళు చెప్పులు గుమ్మం బయట వరసగా పెట్టి కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్ళడం చూసి, సగం ఊపిరి పీల్చుకుంది. మూడుపూటలా అన్నమే తింటారని తెలిశాక మిగతా సగమూ పీల్చుకునేదే. కానీ ఇంతలో హరిదాసుగారు పున్నయ్య దగ్గర, గుడ్డలు ఉడకేసే పాత రాగి బాన ఒకటి అడిగి పుచ్చుకుని, పెరట్లో పొయ్యి మీదికెక్కించి నీళ్ళు కాచి, అందులోకి దిగి మెడదాకా కూచున్నాడు.

"ఏవండోయ్! ఆయన్ని ఆయనే ఉడకేసుకుంటున్నాడండీ!"

గోడ మీంచి తొంగిచూసిన వీధివాళ్ళకి లోపలున్నాయన చెయ్యెత్తి నమస్కారం పెట్టాడు. స్నానమేనని తెలిశాక కూడా, బాన అడుగున కాళ్ళు కాలకుండా వేసుకున్న చెక్కపలక సరిగా ఉందో లేదో అని శేషమ్మ రోజూ ఒకసారి చూసొచ్చేది.

కోకమ్మకి తెలుగు నేర్పింది కూడా శేషమ్మే. అయిదో క్లాసు చదువు; ఉత్తరాలు రాసుకోగలదు. అయితే ఆవిడ తెలుగులో ఒక తిరకాసుంది. ఏ ఇల్లాలైనా ఇంట్లో బియ్యం అయిపోయాయనదు, నిండుకున్నాయంటుంది. శేషమ్మకి ఆ ఒక్క జాగ్రత్త చాలలేదు. ఉప్పు నిండుకునేది, కట్టెలు నిండుకునేవి, చివరికి పున్నయ్య బీడీలు కూడా నిండుకునేవి. 'లేదు' అన్న మాట ఇంట్లో వినిపిస్తే పైనుంచి ఎవరైనా తథాస్తు అంటారేమోనని ఆవిడ భయం.

కోకమ్మ ఆ మాట పుస్తకంలో రాసుకుంది. నిండు బిందె తెలుసు, నిండు చెరువు తెలుసు; కాబట్టి నిండుకోవడమంటే నిండడమేనని నిర్ధారణ చేసుకుంది. డబ్బా నిండగానే పున్నయ్యగారు సంచీ తీసుకుని బజారుకెందుకు వెళ్తాడో మాత్రం ఆమెకి బోధపడలేదు. ఈ దేశపు పద్ధతి అనుకుని ఊరుకుంది.

పద్ధతులన్నీ ఆమె అలాగే పట్టేసింది. చీర కట్టి కుచ్చిళ్ళు ఎగదోపి బావిలో నీళ్ళు తోడేది. వంకాయలమ్మేదానితో "ఇది ముసలి వంకాయ, నీకే ఉంచుకో" అని బేరమాడేది. పెరట్లో ముల్లంగి వేసి వీధంతా పంచింది. సాయంత్రం ఆయన సైకిలు గంట వినిపించగానే గుమ్మంలోకొచ్చి నిలబడేది. ఏడాదిన్నర సముద్రానికి అవతల ఒక్కతే ఉన్న మనిషి. ఆ గంట విన్నప్పుడల్లా మొహం విప్పారేది.

వానలు మొదలయ్యేసరికి కోకమ్మకి నెల తప్పి మూడు నెలలు దాటింది. అప్పుడే, కాన్పుకి జపాను వెళ్ళే ఓడ మాట వచ్చింది.

ఏడో నెల వస్తే ఓడ ఎక్కనివ్వరు. మద్రాసునుంచి ముందే బయల్దేరే ఓడలో చోటుందనీ, కావాలో వద్దో శ్రావణం వెళ్ళేలోగా చెప్పాలనీ ఉత్తరం వచ్చింది. వెళ్తే మళ్ళీ రావడం ఉండదు. చంటిబిడ్డతో అంత ప్రయాణం పెట్టుకోవడానికి వాళ్ళ పెద్దవాళ్ళు ఒప్పుకోరు. హరిదాసుగారికి ఇక్కడ ఇంకా రెండున్నరేళ్ళ పని ఉంది. కోకమ్మ మాట మొదటినుంచీ ఒకటే.

"ఓడ వద్దు. ఆయన ఇక్కడ, నేను అక్కడ. ఒకసారి చేశాను. చాలు."

శేషమ్మ మాటా మొదటినుంచీ ఒకటే. "తొలికాన్పు పుట్టింట్లో జరగాలి తల్లీ. మీ అమ్మ దగ్గరుండాలి. ఇక్కడ నీకెవరున్నారు? జరగరానిదేదన్నా జరిగితే..." అని ఆగి, చెంపలేసుకునేది. ఆ మాట హరిదాసుగారితో కూడా నాలుగైదుసార్లు అంది. ఆయన తలాడించేవాడు. దివిసీమలో నాట్లు చూపించడానికి పది రోజులు అవనిగడ్డ వెళ్తూ, తిరిగొచ్చాక జవాబు రాసేస్తానన్నాడు. ఏమని రాస్తాడో చెప్పలేదు.

ఆయన వెళ్ళిన అయిదో రోజున శేషమ్మ కోకమ్మని భోజనానికి పిలిచింది. ముద్దపప్పు, గోంగూర, దోసకాయ పులుసు, గడ్డపెరుగు. ఒద్దంటున్నా వడ్డించింది. కోకమ్మ వంచిన తల ఎత్తకుండా తింది. తిని, చెయ్యి కడుక్కుని, పొట్ట మీద చెయ్యి వేసుకుని నవ్వుతూ అంది.

"పిన్నిగారూ, కడుపు నిండుకుంది."

శేషమ్మ చేతిలో పెరుగు గిన్నె జారి పీట మీద పడింది.

కనకదుర్గకి ముందు శేషమ్మకి ఒక కాన్పు ఉంది. ఏడో నెలలో, కాలవలు పొంగి బందరు రోడ్డు మునిగిన వానల్లో, ఆస్పత్రికి చేరేలోపే అంతా అయిపోయింది. ఆ సంగతి ఆవిడ ఎవరితోనూ అనదు.

"ఎప్పుడమ్మా?"

"ఇప్పుడే."

"నొప్పి లేదూ?"

"లేదు. చాలా బాగుంది."

దుఃఖంతో మతి చలించిందనుకుంది శేషమ్మ. లేకపోతే ఎవరైనా ఇలా నవ్వుతారా! ఆమెని రెండు చేతులా పట్టుకుని మంచం మీద పడుకోబెట్టి, "ఏవండీ! పోస్టాఫీసుకి పరిగెత్తండి! హరిదాసుగారికి టెలిగ్రాం కొట్టండి! ఎవరన్నా నర్సు దేవమ్మని పిలవండర్రా!" అని వీధి దద్దరిల్లేలా అరిచింది. పున్నయ్య చేతికి రంగుతోనే పరిగెత్తాడు. పక్కింటివాళ్ళు పొయ్యి రాజేసి నీళ్ళు పెట్టారు. ఎదురింటివాళ్ళు పాత చీరలు తెచ్చారు. ఒకామె ఒంటెద్దు బండి కట్టించేసింది. కడుపునిండా తిన్నవాళ్ళని ఇలా పడుకోబెట్టడం కూడా ఇక్కడి మర్యాదేమోననుకుని కోకమ్మ బుద్ధిగా పడుకుంది.

పురుళ్ళు పోసే నర్సు దేవమ్మ పరుగున వచ్చింది. చూసింది. గొట్టం పెట్టి విన్నది. మళ్ళీ విన్నది.

"ఏమైందంటారు శేషమ్మగారూ?"

"నా నోటితో ఎలా చెప్పనే! కడుపు నిండుకుందంది!"

దేవమ్మ విస్తరివైపు చూసింది, కోకమ్మ మొహంవైపు చూసింది. "ఏం తిన్నారమ్మా?"

"పప్పు. గోంగూర. పెరుగు. ఇక్కడిదాకా" అని కోకమ్మ గొంతు మీద చెయ్యి పెట్టి చూపించింది.

"కడుపు నిండిందనాలమ్మా. నిండుకుందంటే ఖాళీ అయిందని." దేవమ్మ గొట్టం సంచీలో పెట్టుకుంది. "లోపల వాడు గుర్రబ్బండి తోలుతున్నాడు. ఎవరు నేర్పారమ్మా మీకీ తెలుగు?"

కోకమ్మ గౌరవంగా రెండు చేతులూ చాచి శేషమ్మని చూపించింది.

నవ్వని ఆడది లేదు ఆ గదిలో, శేషమ్మ తప్ప. ఆవిడకి టెలిగ్రాం గుర్తొచ్చింది. వెనకే ఇంకోటి కొట్టించారు క్షేమమని. కానీ అది అవనిగడ్డ చేరేసరికి మొదటిది అందుకున్న మనిషి అక్కడ లేడు.

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి హరిదాసుగారు వచ్చాడు. మోకాళ్ళదాకా పొలం బురద ఎండిపోయి ఉంది. దొరికిన లారీ ఎక్కి, అది ఆగిపోయిన చోటినుంచి నడిచి, బందరులో మొదటి బస్సు పట్టుకున్నాడు. కోకమ్మ ముల్లంగి మళ్ళ దగ్గరనుంచి చేతులు దులుపుకుంటూ లేచింది. ఆయన ఆమెని చూసి అరుగు మీద కూలబడ్డాడు. పున్నయ్య మంచినీళ్ళిచ్చి జరిగింది చెప్పాడు. ఆయన నవ్వలేదు.

"రాత్రంతా నేను చచ్చిపోయాను పున్నయ్యగారూ. రేపు ఇది నిజమైతే? నేను పొలంలో. ఈమెకి ఇక్కడ ఎవరు? ఓడ ఎక్కిస్తాను. ఈరోజే రాస్తాను." శేషమ్మవైపు తిరిగాడు. "మీరే చెప్పారు పిన్నిగారూ. తొలికాన్పు పుట్టింట్లో. మీరు చెప్పండి, ఆమె వింటుంది."

కోకమ్మ వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడింది. ఆయనతో తమ భాషలో మాట్లాడొచ్చు. కానీ అందరికీ అర్థం కావాలని తెలుగులోనే అంది.

"నిన్న నాకు ఏమీ కాలేదు. అయినా అరగంటలో నర్సు వచ్చింది. వేడినీళ్ళు వచ్చాయి. ఎద్దుబండి వచ్చింది. ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారు. పున్నయ్యగారు చెప్పులు లేకుండా పరిగెత్తారు." ఊపిరి తీసుకుంది. "మా ఊళ్ళో మా అమ్మ ఒక్కతే. చలికాలం. మంచు. డాక్టరు కొండ అవతల. ఏది పుట్టిల్లు?"

శేషమ్మకి తెలుసు, తను తలాడిస్తే చాలు, ఓడ ఖాయం. గుండె తలాడించమనే చెబుతోంది. మార్గశిరంలో పురుడొస్తుంది, అప్పుడు తుఫానొస్తే, బండి విరిగితే, దేవమ్మకి జ్వరమొస్తే. పిల్ల ఓడెక్కి వెళ్ళిపోతే ఈ భయాలన్నీ వాళ్ళమ్మవి అవుతాయి. తను హాయిగా కనకదుర్గ ఉత్తరం కోసం భయపడుతూ కూచోవచ్చు.

పమిటతో మొహం తుడుచుకుంది.

"అన్నాను బాబూ. నిజమే. నాలుగుసార్లన్నాను. నాకు భయమేసి అన్నాను. దాన్ని పట్టుకుని మీరు పెళ్ళాన్ని సముద్రం దాటిస్తానంటే ఎలా?"

"మరి..."

"రేపు శ్రావణ శుక్రవారం. అమ్మాయికి అయిదో నెల. చలిమిడి పెడతాను. చలిమిడి పెట్టినవాళ్ళే పురుడూ పొయ్యాలి, అది మా పద్ధతి. ఇంక మీరు మాట్లాడకండి."

హరిదాసుగారు అయోమయంగా పున్నయ్యవైపు చూశాడు. "చలిమిడి అంటే?"

"బియ్యప్పిండీ బెల్లమూనండి. పుట్టింటివాళ్ళు పెడతారు. అది తిన్నాక ఇంక ఓడ లేదు."

ఆయన చాలాసేపు భార్య మొహం చూశాడు. ఆమె కళ్ళు దించలేదు. చివరికి బురదకాళ్ళ వంక చూసుకుని నెమ్మదిగా అన్నాడు. "నాకు కూడా పెడతారా?"

"మీకు పెడితే మీకూ పురుడు పొయ్యాలి" అన్నాడు పున్నయ్య. అప్పుడు నవ్వాడాయన. నవ్వుతూ నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు.

స్నానం చేసి, ఉత్తరం ఎదురుగా పెట్టుకుని, మద్రాసుకి జవాబు రాశాడు. చోటు అక్కర్లేదనీ, ఇంకెవరికైనా ఇచ్చుకోవచ్చనీ. రాసింది భార్య చేతికిచ్చాడు. ఆమె చదివి, కవరు తనే అంటించి, చెప్పులేసుకుని, తనే పోస్టాఫీసుకి బయల్దేరింది.

శేషమ్మ రెండు సోలల బియ్యం నానబోసింది. నానబోస్తూనే, "ఏవండీ, అచ్చు పక్కన పెట్టి ఇటు రండి. బందరు పెద్దాస్పత్రిలో డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కురండి. మొదటి బస్సు ఎన్నింటికో, రాకపోతే కారెవరిదో కూడా. ఆ మధ్యగదిలో కప్పు కురుస్తోంది, వానలు తగ్గగానే నేయించాలి. నులకమంచం వదులైంది, బిగించాలి" అంది.

"ఇంకా నాలుగు నెలలుంది కదే!"

"నాలుగు నెలలే ఉంది" అంది శేషమ్మ. మంచాన్ని తనే గోడ దగ్గర్నుంచి లాగి, నులక ముడి విప్పడం మొదలుపెట్టింది.