నన్ను పిలవని ముల్లు

నేను ఒక ముల్లు తీసే చిమటాను. చిటికెనవేలంత పొడుగుంటాను. రెండు రేకులు, సన్నటి కొనలు, పైన ఒక రింగు. ఆ రింగుతోనే మొలతాడుకు వేలాడతాను. మావైపు గొర్రెల కాపరి నడుముకు తాళంచెవి ఉన్నా లేకున్నా నేను మాత్రం ఉంటాను.

బొచ్చు కత్తిరించే కత్తెర ఒకటి రాతికి తగిలి విరిగింది. విరిగిన ముక్కను పారెయ్యబుద్ధికాక సిద్దయ్య అనే కాపరి దాన్ని కమ్మరి దగ్గరికి తెచ్చాడు. కమ్మరి కొలిమిలో పెట్టాడు, కొట్టాడు, వంచాడు, ఆకురాయితో కొనలు దిద్దాడు. తన ముంజేతి వెంట్రుక ఒకటి నాతో పట్టి పీకి చూశాడు. వచ్చింది. "తీస్కపో" అన్నాడు. నా చదువు అంతే.

సిద్దయ్యకు ముల్లు దిగితే అందరికీ తెలిసేది. ఉన్నచోటే కూలబడి, కాలు తొడమీద వేసుకుని, ఉమ్మితో అరికాలు తడిపి, నన్ను విప్పేవాడు. నేను తాకగానే కాలు వెనక్కి గుంజుకునేది. ముల్లును, ముల్లును కన్న చెట్టును, చెట్టును నాటినవాణ్ణి వరసపెట్టి తిట్టేవాడు. తుమ్మను ఎవరూ నాటరన్న సంగతి ఆ సమయంలో గుర్తుండేది కాదు. నా పని నొప్పి ఉన్నచోటే. నొప్పి పిలిచేది, నేను పోయేవాణ్ణి. ఇంకా లోపలికి, కొంచెం పక్కకు, అదుగో అక్కడ, అని దారి చూపేది కూడా నొప్పే.

సిద్దయ్య పోయాక కొడుకు మల్కయ్య నన్ను తన మొలతాడుకు కట్టుకున్నాడు. తండ్రి మందా, తండ్రి గొంగడీ, తండ్రి చిమటా అతనికి ఒక్కసారే వచ్చాయి. మొదట్లో అతని కాలు కూడా తండ్రి కాలులాగే గుంజుకునేది.

తర్వాత ఎప్పుడో మార్పు వచ్చింది. దాహం ఎక్కువైంది. మంద దగ్గరి కుండ ఒక్కడే ఖాళీ చేసేవాడు. ఒకరోజు తప్పిపోయిన గొర్రెపిల్ల గురించి బామ్మర్ది కొంరెల్లితో కొట్లాడుతూ అరికాలిలో ముల్లు తీసుకుంటున్నాడు. నా కొన మాంసంలోకి దిగింది, నెత్తురు వచ్చింది. అతను మాట ఆపలేదు. కాలు కదల్లేదు. నాకు భయమేసింది.

అతనికి మాత్రం గర్వమనిపించింది. చాయ హోటల్ ముందు బల్ల మీద కూర్చుని కాలు చాపి చూపించాడు.

"ముల్లు దిగినా సోయి ఉండదిరా నాకు. ఇనుమైంది కాలు."

"ఇనుమైతే పాత సామాన్లోనికి తూకం ఏద్దాం బావా" అన్నాడు కొంరెల్లి. "పీతాంబరి పొడి పెట్టి తోముదామా ముందుగాల?"

అందరూ నవ్వారు. ఇనుమంటే ఏమిటో నాకు తెలుసు. కొలిమిలో పెట్టినా అరవదు. మనిషి కాలు అట్లా కావడం మంచిది కాదని చెబుదామంటే నాకు రెండు పెదవులే గానీ నోరు లేదు.

బడిలో వైద్యశిబిరం పెట్టినప్పుడు భార్య లచ్చవ్వ అతన్ని బలవంతాన తీసుకుపోయింది. వేలు పొడిచి చూశారు. చక్కెర జబ్బు అన్నారు. డాక్టరమ్మ చిన్నపిల్ల. అతన్ని కళ్లు మూసుకొమ్మని, సన్నటి దారంలాంటిది అరికాలికి ఆనించింది.

"తెలుస్తోందా?"

"తెలుస్తున్నది."

"ఇక్కడ?"

"ఆఁ, తెలుస్తున్నది."

మల్కయ్య ఒక కన్ను సగం తెరిచి, దారం ఎక్కడ ఆనుతోందో చూసి చెబుతున్నాడు. కుర్చీలో కూర్చున్నవాళ్లు ఏదైనా అడిగితే తప్పు చెప్పకూడదని చిన్నప్పుడు బడిలో బెత్తం నేర్పింది. అదే బడి, అదే గది. అతను పాసయ్యాడు. పక్కన లచ్చవ్వ ముఖం వెలిగిపోయింది.

అయినా డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. ఈ జబ్బులో కాలికి స్పర్శ పోతుందని, దెబ్బ తగిలినా తెలియదని, అందుకే కళ్లతో చూసుకోవాలని. రోజూ కాళ్లు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడవాలట. చెప్పు తొడిగే ముందు లోపల దులపాలట. వేడినీళ్లలో కాళ్లు పెట్టొద్దు, ఆనెకాయలు బ్లేడుతో కోసుకోవద్దు. అన్నిటికంటే ముఖ్యం, చెప్పు లేకుండా అడుగు వెయ్యొద్దు.

"అరికాలు ఆయనకెట్ల కనబడ్తది డాక్టరమ్మా? నడుము వంగదాయె" అంది లచ్చవ్వ.

"మీరు చూడండమ్మా. రోజూ."

ఆ రోజు నుంచి పొద్దు గుంకే వేళ అది లచ్చవ్వ పనైంది. అతను సిగ్గుపడి కాలు వెనక్కి తీసుకునేవాడు. "గొర్రె జరంత కుంటితే పట్టుకోని గిట్ట సూస్తవు. నీ కాలు సూడనీకి ఏం నొచ్చింది నీకు?" అని ఆమె మడమ పట్టుకుని గుంజేది. ఒకసారి చిటికెనవేలి కింద చీలిక కనబడింది. మరునాడే దవాఖానకు తోలుకుపోయింది. కట్టు కట్టారు, మానింది.

కుంటే గొర్రెను కాపరి దూరం నుంచే పోల్చుకుంటాడు. నొప్పి తెలియని మనిషి కుంటనే కుంటడు. ఆ తేడా ఆమె పట్టుకుంది.

ఎండాకాలం వచ్చింది. గడ్డి లేదు. మందను కృష్ణ ఒడ్డుకు తోలాలి. వానలు పడేదాకా అక్కడే. లచ్చవ్వకు ఇంటి దగ్గర అత్త మంచంలో ఉంది, కదలడానికి లేదు. బయలుదేరేటప్పుడు తమ్ముణ్ణి పక్కకు పిలిచింది.

"కొంరెల్లీ, పొద్దుగూకంగనే బావ కాళ్లు సూడు. మర్సిపోకు."

"నేనా? పెండ్లినాడు పళ్లెంల పెట్టి కడిగిన గదనే అక్కా. ఇంకెన్నిసార్లు పట్టాలె ఆయన కాళ్లు?"

"నవ్వులాట కాదురా."

"సరే తియ్, సూస్తలే."

చూడలేదు. మొగవాళ్లిద్దరు, ఒకరి కాలు ఒకరు ఒళ్లో పెట్టుకుని ఎట్లా కూర్చుంటారు? మొదట్లో "కాలు మంచిగున్నదా బావా?" అని అడిగేవాడు. "ఉన్నది" అనేవాడు మల్కయ్య. తర్వాత అడగడం కూడా మానేశాడు.

మల్కయ్య డాక్టరమ్మ మాట తప్పలేదు. రోజంతా చెప్పులతోనే తిరిగాడు. ఒక్కచోట తప్ప. మంద అంటే వాళ్లకు దేవుడు. గొర్రెలను ఆపే దొడ్డిలోకి చెప్పులతో పోరు. తాతలనాటి పద్ధతి అది, బయట విడిచి లోపలికి పోవాలి. ఆ దొడ్డికి కంచె దేనితో వేస్తారంటే తుమ్మ కంపతో. తోడేలు రాకుండా చుట్టూ పరుస్తారు, ముళ్లు లోపల కూడా రాలతాయి. ఊళ్లో, రోడ్డు మీద, చేలో చెప్పు తొడిగిన మనిషి ముళ్లున్నచోటే విప్పేవాడు. అది అతనికి నడక కిందికి రాలేదు, మొక్కు కిందికి వచ్చింది. అందుకే డాక్టరమ్మకు చెప్పాలని కూడా తోచలేదు.

ఒక సాయంత్రం దొడ్డిలో గొర్రె ఈనుతోంది. పిల్ల అడ్డం తిరిగింది. మల్కయ్య చెప్పులు విసిరేసి లోపలికి ఉరికాడు. బొటనవేలి మొదట్లో ముల్లు నిలువునా దిగి, లోపలే విరిగింది. నేను పైన వేలాడుతూ ఆ చప్పుడు విన్నాను. అతను పిల్లను బయటికి లాగి, మూతి తుడిచి, "ఆడపిల్లరో!" అని నవ్వాడు.

ముల్లు దిగింది. నన్ను ఎవరూ పిలవలేదు.

దాని మీదే నడిచాడు. కొండ ఎక్కాడు, వాగు దాటాడు. చెప్పు లోపల తడి ఆరడం లేదు. చెమట అనుకున్నాడు. ఈగలు వెంటబడ్డాయి. గొర్రెలున్నచోట ఈగలు మామూలే. ఒళ్లు వెచ్చబడితే ఎండదెబ్బ అనుకుని అంబలి తాగి పడుకున్నాడు.

"ఏందో సచ్చిన వాసనొస్తున్నది బావా" అన్నాడు కొంరెల్లి ఒకనాడు. "ఏ గొర్రెకో పుండైనట్టున్నది."

ఇద్దరూ కలిసి మందనంతా నిలబెట్టారు. ఒక్కో గొర్రెను పట్టి, పడవేసి, నాలుగు గిట్టలూ విప్పి చూశారు. మల్కయ్య వేళ్లు గిట్టల సందులు తడుముతుంటే నేను అతని నడుముకు ఊగుతున్నాను. ఏ గొర్రెకూ ఏమీ లేదు. అలసిపోయి బండ మీద కూర్చున్నాడు. కుక్క వచ్చి అతని ఎడమ కాలు నాకడం మొదలుపెట్టింది.

కొంరెల్లి కుక్కను చూశాడు. కాలు ఎత్తి చూశాడు.

"బావా..."

"ఏమున్నదిరా?"

కొంరెల్లి బావ మొలతాడు నుంచి నన్ను విప్పాడు. బొటనవేలి మొదట్లో పట్టి లాగాడు. నల్లటి ముల్లు చీముతో సహా బయటికి వచ్చింది. చుట్టూ వేలు వేలంతా నలుపే. మల్కయ్య కాలు కదల్లేదు. అతను కాలిని చూడటం లేదు, బామ్మర్ది ముఖం చూస్తున్నాడు. ఎంతయిందో అక్కడే చదువుకున్నాడు.

ట్రాలీ ఆటోలో పట్నం దవాఖానకు చేర్చారు. మోకాలి కింద తీసెయ్యాలన్నారు. తియ్యకపోతే మనిషి దక్కడన్నారు.

"మందల నడుస్తనా సారూ?" అని అడిగాడు మల్కయ్య.

పెద్ద డాక్టరు కాగితాల్లోంచి తల ఎత్తి, "ముందు బతుకు పెద్దాయనా" అన్నాడు.

లోపలికి తీసుకుపోయే ముందు నర్సు మొలతాడు కత్తిరించింది. బట్టలతో పాటు నన్ను కవర్లో వేసి, కబురందుకుని వచ్చిన లచ్చవ్వ చేతికిచ్చింది.

తీసేసిన కాలును వాళ్లు అడిగి తెచ్చుకున్నారు. బతికున్న మనిషి కాలును చెత్తలో ఎట్లా వెయ్యనిస్తారు? కొంరెల్లి తెల్లగుడ్డలో చుట్టి ఊరికి తీసుకుపోవడానికి లేచాడు. లచ్చవ్వ కవర్లోంచి నన్ను తీసి అతని మీదికి విసిరింది. "దీన్ని గూడ అండ్లనే ఏసి పూడ్సు. నడుముకు ఏలాడుకుంట ఏం సూసింది ఇది?"

తమ్ముణ్ణి అనలేక నన్ను అన్నది. అది అతనికీ తెలిసింది.

సిద్దయ్య సమాధి పక్కన గుంట తవ్వారు. కాలు పెట్టారు. కొంరెల్లి నన్ను జేబులోంచి తీసి గుంట అంచున చాలాసేపు నిలబడ్డాడు. మట్టి వేసేవాళ్లు చూస్తున్నారు. మళ్లీ జేబులో వేసుకున్నాడు. దవాఖానకు తిరిగివచ్చి అక్క ముందు నన్ను పెట్టి, తల ఎత్తకుండా అన్నాడు.

"ఇంకో కాలున్నది అక్కా."

ఇప్పుడు మంద కొంరెల్లి తోలుతున్నాడు. దొడ్డిలోకి చెప్పులతోనే పోతాడు. కులపెద్ద ఒకాయన ఇదేం పాడుపని అని గద్దిస్తే, "కాళ్లుంటేనే గదనే దేవుని దగ్గరికి పోయేది" అన్నాడట. ఆయన ఇంకా కొంరెల్లితో మాట్లాడటం లేదు.

నేను లచ్చవ్వ పుస్తెలతాడుకు, పిన్నీసుల పక్కన ఉంటున్నాను. మల్కయ్య అరుగు మీద కూర్చుని, మందలు పోయే దిక్కు చూస్తాడు. పొద్దు వాలగానే ఆమె చెంబుతో వస్తుంది. కుడికాలు కడుగుతుంది. వేళ్ల సందులు ఒక్కొక్కటే గుడ్డతో ఒత్తుతుంది. వెలుగు చాలకపోతే ఫోను లైటు వేస్తుంది. మడమ, అరికాలు, బొటనవేలి మొదలు, అన్నీ వేలితో తడిమి చూస్తుంది. అతను కాలిని చూడడు. ఆమె ముఖమే చూస్తాడు, ఊపిరి బిగబట్టి.

"ఇయ్యాల ఏం లేదు" అంటుంది.

అతను ఊపిరి వదిలి, ఒంటి చెప్పు తీసి, బోర్లించి, దులుపుతాడు.