కొంగు మూల పసుపు

ఎదుటివాళ్లు మాట పూర్తిచేసేదాకా ఆగే ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. మా ఆయన ఏలియా బతికున్నన్నాళ్లూ అదే అనేవాడు. "రాహేలూ, నన్ను గూడ జర మాట్లాడనియ్యే" అని. నవ్వుతూ అనేవాడు కాబట్టి నేను పట్టించుకోలేదు. పట్టించుకోవాల్సింది.

సుబేదారిలో మా ఇంటి ముందుగదే నా దుకాణం. ఒక మిషను, ఒక బల్ల, గోడకు మేకుల మీద వేలాడే బ్యాగులు. పాత జీన్సు ప్యాంట్లు, చిరిగిన చీరలు, పొట్టయిపోయిన చుడీదార్లు, ఏవి తెచ్చినా బ్యాగులు కుట్టి ఇస్తాను. రాహేలు కుట్టిన బ్యాగు పట్టుకుంటే చెయ్యి నొయ్యదని పేరు. అందులో పెద్ద రహస్యమేమీ లేదు. కత్తిరించగా మిగిలిన పీలికలను హ్యాండిళ్లలో కూరి కుడతాను. గుండ్రంగా, మెత్తగా వస్తాయి. ఎవరి బట్ట పీలికలు ఎవరి హ్యాండిల్‌లోకి పోతాయో నేను చూడను. కింద పడ్డవి ఊడ్చి చెత్తబండిలో వేస్తాను.

ఒక బుధవారం పొద్దున శ్రావణి అనే అమ్మాయి వచ్చింది. మడికొండలో కొత్త కాలనీలో ఉంటుందట. చేతిలో ఆకుపచ్చ పట్టుచీర. మడతల మీద నిలువునా చీలిపోయింది.

"ఆంటీ, ఇది పెండ్లయినంక మా అమ్మ నాకు పుట్టింట్ల ఒడిబియ్యం పోసిననాడు పెట్టిన చీర. అమ్మ పోయి రెండేండ్లయితాంది. దీని కొంగు మూలకు..."

"బ్యాగా, పర్సా?"

"బ్యాగే ఆంటీ. రోజూ ఆఫీసుకు పట్కపోత. కానీ ఆ కొంగు మూల ఉన్నది సూడున్రి, అక్కడ..."

"కొంగు ముంగటికే వస్తది బిడ్డా. జరీ కనపడాలె గదా! నలభై ఏండ్ల సంది కుడుతాన్న. నువ్వు నాకు చెప్పాల్నా? శనివారం వచ్చి తీస్కపో."

పిల్ల ఇంకా ఏదో అనబోయింది. నేను అప్పటికే మిషను తొక్కడం మొదలుపెట్టాను. ఆ చప్పుడులో ఏం వినిపిస్తుంది? కాసేపు నిలబడి వెళ్లిపోయింది.

చీర విప్పి బల్ల మీద పరిచాను. జరీ చెక్కు చెదరలేదు. కొంగు మూలన మాత్రం పసుప్పచ్చని మరక. ఏ పప్పో ఒలికి ఉంటుందనుకున్నాను. ఇంత మంచి కొంగుకు ఈ దరిద్రమేమిటని కత్తెరతో రెండు దెబ్బల్లో ఆ మూల తీసేశాను.

శనివారం శ్రావణి బ్యాగు చూసి మురిసిపోయింది. "అబ్బ, ఎంత మంచిగున్నది ఆంటీ!" అంటూ ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది. జిప్పు తీసి లోపల చూసింది. మళ్లీ ముందుకు తిప్పింది.

"ఆంటీ, పసుపు ఏది?"

"ఏం పసుపు? ఆ మరకనా? కోసేసిన. బ్యాగు ముంగట మరక పెట్టుకుంటరా ఎవలన్న?"

ఆ పిల్ల స్టూలు మీద కూలబడింది. "మరక కాదాంటీ. చీర కట్టుకునే ముందట అమ్మ పెట్టింది. ఆమె బట్టలన్నీ దినాలు చేసిననాడే ఇచ్చేసిన్రు. అమ్మ వేలు తాకిన గుర్తు నాకు అదొక్కటే ఉండె."

కొత్తబట్టకు మూలన పసుపు పెడతారని నాకు తెలియనిది కాదు. ఎన్ని ఇళ్లకు కుట్టలేదు! కానీ మా ఇళ్లలో కొత్తబట్ట ముందు ప్రార్థన చేసుకుంటాం, పసుపు పెట్టం. అందుకే నా కంటికి అది మరకే అయింది. ఆ పిల్ల చెప్పబోతే నేనే చెప్పనివ్వలేదు. తిట్టినా బాగుండేది, నేనూ నాలుగు తిట్టి తేల్చుకునేదాన్ని. డబ్బులు బల్ల మీద పెట్టి, బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ వారం కుట్టినవి మూడే బ్యాగులు. కోసేసిన మూల ఏ హ్యాండిల్‌లో కూరానోనని, ఇంట్లో ఉన్న రెండింటివీ బ్లేడుతో విప్పాను. దొరకలేదు.

మా కోడలు రెబెకా అంది, "ఇంకోటి ఆ అక్క తీస్కపోయిన బ్యాగుంది గదా అత్తమ్మా. ఫోన్ చేసి చెప్పరాదు?"

"ఏమని చెప్పాలె? నీ తల్లి గుర్తును చెత్తోలె హ్యాండిల్‌ల కుక్కిన్నని చెప్పాల్నా?" అని దాని మీద ఎగిరాను. కోడలు చెప్పింది నిజమని నాకు తెలుసు. కానీ అక్కడికి వెళ్లాలంటే తప్పు నాదని ఒప్పుకోవాలి. ఆ మాట నేను ఏలియాతో కూడా ఎన్నడూ అనలేదు.

అదే కొంగుది ఇంకో ముక్క మిగిలింది. వంటింట్లో పసుపు తడిపి, బొటనవేలు ముంచి, ఆ ముక్క మూలన అద్దాను. ఫ్యాను కింద ఆరబెట్టాను. రెబెకా చూసింది.

"అత్తమ్మా, ఇది మంచిగ లేదు."

"ఆదివారం ప్రసంగం నువ్వు చెప్తవా ఇగ?"

ఆదివారం చర్చిలో పాస్టరు గారు ఏం చెప్పారో ఒక్క ముక్క నా చెవికెక్కలేదు.

సోమవారం సాయంత్రం మడికొండ బస్సెక్కాను. శ్రావణి తలుపు తీసి మంచినీళ్లు ఇచ్చింది. బ్యాగు తలుపు వెనక కొక్కేనికి వేలాడుతోంది. వాడనే లేదు.

"దొరికింది బిడ్డా" అని ముక్క చేతిలో పెట్టాను.

రెండు చేతులా అందుకుంది. ముఖం వెలిగిపోయింది. కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో చూసింది. చాలాసేపు చూసింది.

"ఆంటీ, మా అమ్మకు కిరాణం షాపు ఉండె. షట్టర్ చెయ్యి మీద పడి ఉంగరపు వేలు కొస నలిగింది. ఆ వేలుతోనే పసుపు పెట్టేది. ఏడ పెట్టినా ఒక పక్క సొట్ట ఉంటది. ఇది నిండుగున్నది." వెనక్కి తిరిగింది. "ఎవరి వేలు ఇది?"

సిగ్గుతో చచ్చిపోయాను. నా గోరు సందున ఇంకా పసుపు ఉంది.

"నాదే. తప్పయింది బిడ్డా."

"పోయింది అని చెప్తే ఏడ్చి ఊకుందును గదా! మా అమ్మ పేరు మీద దొంగ గుర్తు తెస్తరా? ఎంత మోసం ఆంటీ!"

అడగాల్సిన మాటే. పీలికలు హ్యాండిళ్లలో కూరే సంగతి చెప్పి, సంచిలోంచి బ్లేడు తీశాను.

"మీరు ముట్టకున్రి" అని బ్లేడు లాక్కుంది.

మొదటి హ్యాండిల్ విప్పింది. జీన్సు పీలికలు, బనియను ముక్కలు. రెండోది విప్పింది. ఎవరిదో దిండు గలీబు పూలు, వాటి నడుమ ఆకుపచ్చ. మడత విప్పింది. జరీ అంచు, పసుపు. కానీ సగమే. నా కత్తెర మొదటి దెబ్బ సరిగ్గా మధ్యలోంచి పోయింది. సొట్ట ఉన్న పక్క మిగిలింది. రెండో సగం కోసం ఇద్దరం పీలికలన్నీ రెండుసార్లు వెతికాం. అది చెత్తబండిలోనే పోయింది.

శ్రావణి తన ఉంగరపు వేలు ఆ సగం గుర్తు మీద ఆనించి ఏడ్చింది. ఫికర్ జేయకు బిడ్డా అనబోయి నాలుక కరుచుకున్నాను. చాలాసేపటికి ముఖం తుడుచుకుంది.

"ఆంటీ, ఆనాడు నేను చెప్పబోయింది ఇప్పుడన్న ఇంటరా?"

"చెప్పు బిడ్డా."

"ఒడిబియ్యం నాటికే అమ్మకు నడవొస్తలేదు. మంచం మీద నుంచే పసుపు పెట్టింది. పెట్టి, జర ఆగు బిడ్డా, నీకో మాట చెప్పాలె అన్నది. అందరు కూసున్నరు, తర్వాత చెప్పవే అని నేను ఉరికిన. తర్వాత నేను అడగలే, ఆమె చెప్పలే." ముక్కను అరచేతిలో మూసుకుంది. "ఆ మాటేందో నాకు ఇప్పటికీ ఎరుక లేదు."

ఇంకా చెప్పింది. అమ్మ గురించి, షాపు గురించి, చివరి వారం గురించి. ఆ సగం పసుపును బ్యాగు మీద ఎక్కడ కుట్టాలో నేను అడగలేదు. ఒడి నిండా పీలికలతో నేల మీద కూర్చుని, ఆ పిల్ల తనంతట తాను ఆపేదాకా విన్నాను.