పీరయ్య స్టేజీ

ఆ ఆదివారం పొద్దున చిక్కడపల్లి ఇంట్లో ఆరుగురు ఉన్నారు. ఇంటాయన రమాకాంత్ మామ, కొత్త కారు తాళాన్ని వేలికి తగిలించుకుని తిప్పుతూ ముందుగదిలో. ఆయన భార్య విజయశ్రీ అత్తమ్మ, పట్టుచీర కట్టుకుని వంటింట్లో పులిహోర గిన్నెకు మూత పెడుతూ. వాళ్ల కూతురు రోజా, అద్దం ముందు. అశోక్‌నగర్ నుంచి వచ్చిన నర్మద గారు, చీర మాస్తుందేమోనన్నట్టు సోఫా అంచు మీద. ఆమె కొడుకు శ్రీనాథ్, కోచింగ్ సెంటర్లో గ్రూప్స్ పిల్లలకు తెలంగాణ భూగోళం చెప్పే సారు. ఆరో మనిషి అంబిక, పదహారేళ్లది. ఆమెను ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు కాబట్టి ఐదుగురే అనుకున్నా తప్పులేదు.

అందరూ యాదగిరిగుట్టకు బయలుదేరుతున్నారు. పేరుకు దేవుడి దర్శనం, అసలు సంగతి పెళ్లిచూపులు. పిల్లను కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇప్పించడం పట్నంలో ఇప్పుడు మోటు పద్ధతి. రెండు కుటుంబాలూ ఒకే బండిలో గుట్ట ఎక్కి, పిల్లా పిల్లాడూ అనుకోకుండా మాటలు కలిపినట్టు నటించి, ఆ నాటకం దేవుడికి కూడా చూపించి రావడం నాగరికం.

అంబిక నాయన ఎల్లేశం విజయశ్రీ అత్తమ్మకు సొంత తమ్ముడు. బిడ్డ పదో తరగతి పాసైంది. నారాయణగూడలో ఇంటర్ చదువుతానంటే, అక్క ఇంట్లో ఉంటేనే సరే, లేకుంటే చదివింది చాలు అన్నాడు. అత్తమ్మ "చూద్దాం తీ" అంది. అంబిక వచ్చి అక్కడే ఉంటున్నా, వారాలుగా చూస్తూనే ఉంది. ఆ పొద్దున వంటింట్లో తేల్చి చెప్పింది.

"ఇయ్యాల మంచిగుండు. రేపే కాలేజీల చేర్పిస్త."

"మంచిగుండుడంటే ఏంది అత్తమ్మా?"

"నోరు తెర్వకుండ ఉండుడు. ఎవరేమడిగినా నవ్వు. నువ్వు మాకు దూరపు చుట్టమని చెప్పిన. మా నాయన ఫారెస్ట్ రేంజర్ అని చెప్పిన. నువ్వు అవుననకు, కాదనకు. సమజైందా?"

నోరు తెరవకపోవడం అంబికకు కొత్త విద్య కాదు. ఊరి బడిలో హాజరు పిలిచినా చెయ్యే ఎత్తేది. అయితే నోరు మూసుకున్న మనిషికి కళ్లూ చెవులూ రెట్టింపు పనిచేస్తాయన్న ముక్క అత్తమ్మకు ఎవరూ చెప్పినట్టు లేదు.

కారులో ముందు మామా శ్రీనాథ్, మధ్యలో నర్మద గారూ రోజా అత్తమ్మా, అందరికంటే వెనక, కొబ్బరికాయల సంచి పక్కన, ఒళ్లో పులిహోర గిన్నెతో అంబిక. రోజా వయసుకు పెద్దది, వరసకు వదిన. కానీ వదినా అంటే సిగ్గుచేటు, రోజక్కా అనాలని ముందే హెచ్చరించింది. వరసలు కూడా జనం ముందు మార్చుకునేవే కాబోలు, చెప్పులలాగా.

నారాయణగూడ ఫ్లైఓవర్ దిగి, అంబర్‌పేట్ మీదుగా ఉప్పల్ దాటారు. ఘట్‌కేసర్ దగ్గర మామ బైపాస్ ఎక్కబోతుంటే శ్రీనాథ్ అడ్డుపడ్డాడు.

"అంకుల్, పాత రోడ్డు పట్టండి. బైపాస్ మీద ఏముంటది చూసెటందుకు? పాత హైవే మీదయితే ఒక్కో బోర్డు ఒక్కో బిట్."

నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనే ప్రశ్నను అశోక్‌నగర్‌లో బిట్ అంటారు. అక్కడి హాస్టళ్లలో పిల్లలు బిట్లతోనే లేచి బిట్లతోనే పడుకుంటారు. ఈయన వాళ్లకు వాటిని పంచిపెడతాడు.

"పాత రోడ్డు మొత్తం గుంతలు బాబూ, బైపాసే మంచిది," అంది అత్తమ్మ. ముఖంలో రంగు మారింది. కానీ మామ, కాబోయే అల్లుడు బావిలోకి పోనిమ్మన్నా స్టీరింగ్ తిప్పే రకం. తిప్పేశాడు. అత్తమ్మ వెనక్కి తిరిగి అంబిక వైపు చూసి, పెదవుల మీద వేలు పెట్టుకుంది.

పాత రోడ్డు మీద వాళ్ల సరదా మొదలైంది. ఎడమ పక్క సిమెంటు ఏనుగులు రెండు తొండాలెత్తి నిలబెట్టిన కమాను, దాని మీద బంగారు అక్షరాల్లో ఏదో సిటీ. కమాను వెనక సిటీ లేదు. తెల్ల సున్నం పూసిన రాళ్ల వరసలు, వాటి మధ్య మేకలు. మామ బండి నెమ్మది చేసి "ఏం డెవలప్‌మెంట్ అండి" అన్నాడు. మేకలు తలెత్తి చూసి మళ్లీ మేతలో పడ్డాయి. మనుషులకంటే వాటికే సిగ్గు ఉన్నట్టు తోచింది అంబికకు. కొంచెం ముందుకు పోతే సగం కోసేసిన గుట్ట. దాని పక్కనే "ప్రకృతి ఒడిలో మీ ఇల్లు" అని బోర్డు. "ప్రమాదాలు జరుగు స్థలము" అన్న బోర్డును లారీ గుద్దితే అది పక్కకు ఒరిగి ఉంది.

"బిట్!" అన్నాడు శ్రీనాథ్. "మైలురాయికి పసుపు టోపీ ఉంటే ఏందన్నట్టు?"

"దగ్గర్ల గుడి ఉందన్నట్టు," అంది రోజా.

"సో క్యూట్! కాదు, నేషనల్ హైవే. ఆకుపచ్చ అయితే స్టేట్ హైవే. నెక్స్ట్, ఈ రోడ్డు పాత నంబరెంత? రెండొందల రెండు. కొత్తది నూట అరవై మూడు."

నంబర్లన్నీ సరిగ్గానే చెప్పాడు. ఆ నూట అరవై మూడు ఇప్పుడు బైపాస్ మీద పోతోందనీ, ఈ పసుపు రాయి ఎవరూ పీకెయ్యక మిగిలిపోయిందనీ మాత్రం ఆయన గమనించలేదు. ఒక బర్రె దానికి డొక్క రాసుకుంటోంది. దాని మటుకు ఆ రాయి బాగానే పనికొస్తోంది.

నర్మద గారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. "ఏం వాసనో! ఈ ఊర్లల్ల మనుషులెట్ల బతుకుతరో."

"నాకు పల్లె అంటెనే పడదండి," అంది అత్తమ్మ. "చిన్నప్పటి సంది మేం క్వార్టర్స్‌ల పెరిగినోళ్లం."

ఆ క్వార్టర్స్ ఏవో అంబికకు తెలుసు. తాత చాయ్ హోటల్ వెనక తాటాకు కప్పిన ఒంటి గది.

బీబీనగర్ దాటాక, మట్టిదారి ఒకటి వచ్చి రోడ్డుకు కలిసే చోట సిమెంటు బస్సు షెల్టరు కనిపించింది. దాని నుదుటి మీద నీలం రంగులో పెద్ద అక్షరాలు. పీరయ్య స్టేజీ.

ఆ పేరు ఏ నాయకుడూ రిబ్బను కోసి పెట్టింది కాదు. అంబిక తాత పీరయ్య ఆ కూడలిలో చాయ్ హోటల్ నడిపాడు. బస్సులు అక్కడ ఆగేవి. కండక్టర్లు కేకెయ్యడానికి ఒక పేరు కావాలి కాబట్టి "పీరయ్య, పీరయ్య, దిగాలె" అన్నారు. తాత పోయాడు, హోటల్ కూలింది, కేక మాత్రం ఆగలేదు. చివరికి సర్కారు కూడా చేసేది లేక అదే రాసింది.

"ఆపండి ఆపండి!" శ్రీనాథ్ ఫోన్ తీసి ఫోటో కొట్టాడు. "క్లాసుకు మస్తు పనికొస్తది. బిట్! పీరయ్య ఎవరు? ఎ, సంస్థానాధీశుడు. బి, పోరాట యోధుడు. సి, కల్లు దుకాణం ఓనర్. డి, తాగి ఈడ్నే పడుండేటోడు."

నర్మద గారు "సి" అంది. రోజాకు జవాబు తెలుసు. తెలిసే ఫోన్లోకి తల దించుకుంది. మామ కిటికీలోంచి ఆకాశాన్ని చూడసాగాడు, అక్కడేదో వెంచర్ వేస్తున్నట్టు.

"మీరు చెప్పండి ఆంటీ."

అత్తమ్మ నవ్వింది. "డీనే బాబూ. అసుమంటోని పేరే పెట్టుకుంటరు ఈ పల్లెటూరోళ్లు." అని మళ్లీ నవ్వింది, అవసరమైనదానికంటే ఎక్కువసేపు.

శ్రీనాథ్ సీట్లోంచి వెనక్కి వంగాడు. "లాస్ట్ బెంచి స్టూడెంట్ ఏమంటది? నువ్వు పల్లె పిల్లవే గదా. జర చెప్పు."

నవ్వితే చాలు. అదీ పళ్లు కనిపించేలా అక్కర్లేదు, పెదవి కొంచెం సాగదీస్తే రేపు నారాయణగూడ కాలేజీ. అంబిక సాగదీయబోయింది. పెదవులు మాట వినలేదు.

"ఆప్షన్లల్ల లేదు," అంది.

"అట్లెట్ల? జవాబు ఆప్షన్లల్లనే ఉంటది. రూల్."

"చాయ్ హోటల్ ఆయన. మా తాత."

"వారెవ్వా! స్టేజీ గారి మనవరాలివా!" శ్రీనాథ్ తొడ చరుచుకున్నాడు. నర్మద గారు కూడా కొంగు తీసి నవ్వింది.

"దూరపు చుట్టాలని చెప్పిన గద," అంది అత్తమ్మ చటుక్కున. "ఉంటరు అసుమంటోళ్లు వాళ్లల్ల."

అంతటితో ఊరుకున్నా సరిపోయేది. అత్తమ్మ కళ్లు అదే చెబుతున్నాయి, ఇప్పటికీ ఏం కాలేదు, రేపటి మాట రేపే అని. మట్టిదారి పక్కన తాత పొయ్యి ఉన్న గోడ ఇంకా నల్లగానే ఉంది. దానికి వీపు తిప్పి కూర్చుని, సొంత తండ్రిని తాగుబోతును చేసి నవ్వుతున్న మనిషి దగ్గర రెండేళ్లు అన్నం తినాలి. తిని, ఇదిగో ఇట్లా నవ్వడం నేర్చుకోవాలి.

"అత్తమ్మ వాళ్ల నాయన," అంది అంబిక. "అత్తమ్మ ఈడ్నే పుట్టింది. ఈ హోటల్ల గ్లాసులు కడిగింది."

నర్మద గారు అత్తమ్మకు తగలకుండా కొంచెం జరిగింది. "రేంజర్ అంటిరి?"

"ఆప్షన్లల్ల జవాబు లేకుంటే ఆ బిట్టు డిలీట్ చేస్తరు మమ్మీ," అన్నాడు శ్రీనాథ్. తన జోక్‌కు తనే నవ్వుకున్నాడు. ఇంకెవరూ నవ్వలేదు.

అత్తమ్మ తలుపు తెరుచుకుని దిగింది. తన సీటు మడిచింది. మనుషులు చూస్తున్నారు కాబట్టి గొంతులో తేనె పోసుకుంది.

"అంబికా, నాయనను చూడక చానా దినాలాయె గదా. దిగు బిడ్డా. ఈడ్కెల్లి నడిస్తే ఇల్లే."

"మరి కాలేజీ?"

"నాయనతోని నేను మాట్లాడుతలే. నీ బట్టలు బస్సుల పంపిస్త."

అంబిక వంగి, మడిచిన సీటు సందులోంచి రోడ్డు మీదకు దిగింది. అత్తమ్మ ఆమె చేతుల్లోంచి పులిహోర గిన్నె లాక్కుని, సీటు వెనక్కి వేసుకుని ఎక్కి కూర్చుంది. నర్మద గారి వైపు తిరిగి నవ్వుతూనే తలుపు మెల్లగా లాక్కుంది. అది సరిగ్గా పడలేదు. మళ్లీ తెరిచి, ఈసారి అంబిక ముఖంలోకి చూస్తూ, బండి అదిరేలా వేసింది.